ముసలాయన దగ్గు

నిన్న సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి మా గేటుకి ఆనించి ఒక పలచటి చదరపు అట్టపెట్టె నిలబడి ఉంది. మీద నా పేరే. నేనైతే ఈమధ్య ఏమీ తెప్పించుకోలేదు. అయినా ఆ ఆకారం చూడగానే గుండె గంతేసింది. అంత పలచగా, నాలుగు మూలలా 'వంచకండి, వంచకండి' అని బతిమాలుకుంటూ సముద్రాలు దాటి వచ్చే వస్తువు నాకు తెలిసి ఒక్కటే ఉంది. గ్రామఫోను రికార్డు. దాన్ని తెప్పించిన మనిషి పోయి ఒక వానాకాలం దాటింది. పెట్టె మాత్రం ఏమీ ఎరగనట్టు ఇప్పుడు తీరిగ్గా వచ్చింది. న్యాయానికి నాకు ఏడుపు రావాలి కదా? నవ్వొచ్చింది. వీధిలో ఒక్కదాన్నే నిలబడి పకపకా నవ్వేశాను. అరుగు మీద పూలు కట్టుకుంటున్న ఎదురింటావిడ దారం చేత్తో పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయింది.

ఆ మనిషి మా ఇంటి ఓనరమ్మ. నేను అత్త అనేదాన్ని. నాది యానాం. కరెంటాఫీసులో అసిస్టెంట్ ఇంజనీరుగా బదిలీ మీద పుదుచ్చేరి వచ్చి, నటేశన్ నగర్‌లో వాళ్ళ మేడమీద వాటాలో దిగాను. వాళ్ళు తరాల కిందటే ఇక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్ళు. అత్త పుట్టిల్లు బాహూరు. ఆవిడ భర్త మామయ్యకి రెడ్డియార్‌పాళయంలో నట్లు, బోల్టులు, పైపులు అమ్మే అంగడి. ఇంట్లో మాట్లాడేది తెలుగే, సగం తమిళం కలిసిన తెలుగు. అత్త ఫ్రెంచి చదివేది, ఇంగ్లీషు చదివేది, తమిళం సరేసరి. తెలుగు దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేసేది. "నా గురించి యాడన్నా రాస్తే నువ్వే చదివి చెప్పాల మే. ఆ జాంగిరీ అక్షరాలు నాకు రావు," అని ముందే చెప్పి పెట్టింది. చదివి చెప్పడానికి ఇప్పుడు మనిషి లేదు. రాయడమైతే రాస్తున్నాను.

ఇంట్లో దిగిన మొదటి ఆదివారం మధ్యాహ్నం కింద నుంచి ఒక చప్పుడు మొదలైంది. ఇనప బీరువాని ఎవరో గచ్చు మీద ఈడుస్తున్నారు, మధ్యమధ్యలో ఏదో మూలుగుతోంది. నీళ్ళ మోటారు బేరింగు పోయిందనుకున్నాను. కరెంటు మనిషిని కదా, ఊరుకోలేక టెస్టరు పట్టుకుని మెట్లన్నీ దూకి వెళ్ళాను. "అత్తగారూ, మోటారు ఆపేయండి, కాలిపోతుందండీ!" అని అరిచాను. ఆవిడ హాల్లో సోఫా మీద కళ్ళు మూసుకుని కూర్చుని ఉంది. కళ్ళు తెరవకుండానే అరచెయ్యి ఎత్తి ఆగమంది. కాస్త వెనగ్గా కుర్చీలో మామయ్య పేపరు చదువుకుంటున్నాడు. ఎదురుగా ఒక రికార్డు ప్లేయరు తిరుగుతోంది. బీరువా అందులో నుంచే వస్తోంది.

"మిషన్ చెడిపోయిందాండీ?" అన్నాను.

"చెడిపోలే. అది అట్లే," అంది అత్త. ఆమె వీపు వెనక మామయ్య పేపరు పక్కకి తీసి, నా వంక చూసి, 'చెడిపోయింది, పట్టించుకోకు' అన్నట్టు చెయ్యి తిప్పాడు. తర్వాత తెలిసింది, ఆ ఇంటికి ఎవరొచ్చినా ఇదే తంతు. పాలవాడు అడిగినా, గ్యాసువాడు అడిగినా, చుట్టాలు అడిగినా ఆవిడ "అది అట్లే" అనేది, ఈయన వెనక నుంచి చెయ్యి తిప్పేవాడు. ఆవిడకి ఆ సంగతి తెలుసు. తెలిసీ వెనక్కి తిరిగేది కాదు. పాపం, ఆయన సంతోషం ఆయనది అనేది.

"టెస్టరు కింద పెట్టు. కూర్చో," అంది నాతో. కూర్చున్నాను. బీరువా ఈడ్వడం అయిపోయాక ఆవిడ కళ్ళు తెరిచి నా వైపు తిరిగింది. "ఇప్పుడు చెప్పు. బాగుండాది అనకూడదు. బాగాలే అనకూడదు. ఏం మాదిరి ఉండాదో చెప్పాల."

చచ్చానురా దేవుడా అనుకున్నాను. ఏదో ఒకటి అనాలి కదా. "సైజు సరిపోని స్పానరుతో నట్టు తిప్పుతున్నట్టు ఉందండి," అన్నాను.

అత్త తొడ చరిచింది. మొగుడి వైపు తిరిగి, "విన్నావా? ఇన్నేండ్లుగా అంగట్లో నట్లు అమ్ముతాండావే, ఒక్క తూరన్నా ఇట్ల చెప్పినావా నువ్వు?" అని నిలదీసింది. ఆయన పేపరు ఇంకాస్త పైకెత్తుకున్నాడు. ఆ రోజు నుంచి నేను ఆ ఆదివారాల్లో మూడో మనిషిని.

రికార్డు పెట్టే ముందు దాని అట్ట మీద తువ్వాలు కప్పేసేది. బొమ్మ చూస్తే చెవికి సోమరితనం వస్తుందట. ఒక్కరే వినడం కూడా నిషేధం. ఒకరు విన్నది కల, ఇద్దరు వింటేనే జరిగినట్టు. అన్నిటికన్నా గట్టి నియమం ఇంకొకటుంది. ఎవరికైనా ముందే తెలిసిన పాట ఆ ప్లేయరు మీద పెట్టకూడదు. ఒకసారి మామయ్య స్నేహితుడొకాయన పాత సినిమా పాటల రికార్డు చంకలో పెట్టుకుని ఆశగా వచ్చాడు. అత్త ఆయనకి కాఫీ ఇచ్చింది, మురుకులు పెట్టింది, రికార్డుకి మాత్రం దణ్ణం పెట్టి తిరిగి ఆయన చేతికే ఇచ్చేసింది. "తెలిసిన పాట వినేదానికి మిషన్ ఏల? తలకాయలోనే ఉండాది కదా," అంది. ఆ రోజు ఆ రికార్డు ఒక్కటి పెట్టనిచ్చి ఉంటే ఈ కథే లేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

ఇక ఆవిడ కొనే పద్ధతి. ఎక్కడెక్కడి దేశాల్లోనో ఒక గదీ రెండు కుర్చీలూ ఉన్న చిన్న చిన్న కంపెనీలు ఇలాంటి రికార్డులు వేస్తాయి. కొత్తవి వేస్తాయి, ఎప్పుడో వచ్చి ఎవరూ పట్టించుకోని వాటిని వెతికి మళ్ళీ వేస్తాయి. వాళ్ళ మెయిళ్ళన్నీ అత్తకి వచ్చేవి. పొద్దున ఇడ్లీ తింటూ పైకి చదివేది. ఒకాయన మంచుగడ్డలో మైకు పాతిపెట్టాడు, ఒకావిడ వెయ్యి గడియారాలు ఒకేసారి కొట్టించింది, ఇంకొకాయన తన సొంత గురకని వయొలిన్ల చేత వాయించాడు. చదువుతూ చదువుతూ ఉన్నట్టుండి ఆగేది. "ఇది నాకు వినపడలే," అనేది. అంతే, అది కొనేసేది. "చదివితేనే వినపడేదాన్ని కొనేది దేనికి? చదివినా వినపడంది కావాల."

మళ్ళీ వేసిన వాటి మీద ఆవిడకి ప్రత్యేకమైన ప్రేమ. "రీఇష్యూ అంటే అరియర్స్ పరీక్ష మళ్ళీ రాసే పిల్ల మే. మొదటి తూరి ఎవురూ పాస్ చేయలే. పిల్లది తప్పు కాదు, దిద్దినోళ్ళది."

ఆ రికార్డుల పేర్లు మా నోళ్ళకి తిరిగేవి కావు. అందుకని మామయ్య నామకరణాలు చేసేవాడు. బోరింగు పంపు. ఇస్త్రీపెట్టె. పెళ్ళిలో మైకు టెస్టింగు. "ఈ వారం బోరింగు పంపు ఇంకో తూరి పెడతావా?" అని అడిగేవాడు, వినడం ఇష్టం లేనట్టు మొహం పెట్టి. వాటిలో ఒకటి ముసలాయన దగ్గు. అది ఎవరో యూరపు ఆవిడ ఇంట్లో కూర్చుని టేపు మిషన్ మీద చేసుకున్నది. నీళ్ళు కదిలిన చప్పుడు, దాని మీద బరువుగా ఒక మూలుగు, ఆఖర్న ఖళ్ళు ఖళ్ళుమని ఒక దగ్గు. "ఎవురో ముసలాయన. చలి దేశం, పాపం," అన్నాడు మామయ్య. ఆ రికార్డు పెట్టినప్పుడల్లా అత్తకి కుదురు ఉండేది కాదు. మధ్యలో లేచి వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి మీద ఏమీ లేకపోయినా చూసి వచ్చేది. "ఇది వింటే నాకు ఏందో మరిచిపోయినట్టు ఉంటాది," అనేది. చివరికి దాన్ని రికార్డుల బీరువా అడుగు అరలో పెట్టేసింది.

ఇంకో విడ్డూరం ఏమిటంటే, ఈ రికార్డుల్లో పాడే ఆడవాళ్ళందరివీ మగగొంతులే. ఏ దేశం వాళ్ళైనా సరే. విన్నాక తువ్వాలు తీసి అట్ట మీద చూస్తే సన్నగా పూచికపుల్లలా ఉండే పిల్ల, గొంతు చూస్తే లారీ డ్రైవరు. అందరికీ జలుబని మామయ్య తీర్పు. సిగరెట్లని అత్త తీర్పు. నేను రెండిటికీ తల ఊపేదాన్ని.

ఇంత సంత ఎందుకో నాకు ఆవిడే చెప్పింది, మా వీధి మూల ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర. ఒక రోజు పొద్దున్నే మేడ మెట్ల కింద నిలబడి కేకేసింది. "యానాం పిల్లా! మీ ట్రాన్స్‌ఫార్మర్ ఊ అంటాది కదా, అది ఎవురు పాడేది?" చెప్పాను. కరెంటు సెకనుకి యాభై సార్లు ఇటూ అటూ కొట్టుకుంటుందండీ, దానికి లోపలి ఇనుము అదురుతుందండీ అన్నాను. "యాభై!" అని కళ్ళు పెద్దవి చేసింది. "దినమంతా, రేయంతా యాభైయేనా? ఒక్కటి తగ్గదా?" తగ్గదండీ, దేశమంతా అంతే అన్నాను. అలా అని ఊరుకుంటే సరిపోయేది. గొడుగు తీసుకుని బయల్దేరదీసింది.

కంచె పక్కన కచేరీకి వచ్చినట్టు నిలబడి, తల ఒక పక్కకి వాల్చి వింటోంది. నేను పక్కన. స్కూటర్లు ఆగాయి. ఒకాయన షాకు కొడుతోందా అని అడిగాడు. అత్త ఆయనకి గొడుగు కింద చోటిచ్చి వినమంది. ఇస్త్రీ బండివాడు వచ్చాడు. కరేపాకు అమ్మే ఆవిడ బుట్ట దించి వచ్చింది. కాసేపటికి నా ఫోను మోగింది. ఫలానా వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ జనం గుమిగూడారు మేడమ్, ఏదో ప్రమాదం అనుకుంటా, చూడమంటారా అని మా లైన్‌మాన్. నేను చూస్తున్నాలే అని, గొడుగు ఇంకా కిందికి లాక్కున్నాను.

అక్కడే, ఆ ఊ శబ్దం కింద, మెల్లగా చెప్పింది. "నాకు పదహారేండ్లు. ఆ తెల్లోళ్ళ వీధుల్లో ఒక ఫ్రెంచి మేడమ్ దగ్గరికి ట్యూషన్‌కు పోతా ఉంటి. ఒక దినం నేను పోయేసరికి ఆమె రికార్డు పెట్టుకోని ఉండె. నన్ను చూసి తీయలే. కూర్చోమనె. గిన్నెలో నీళ్ళు తిప్పినట్టు చప్పుడు. దాంట్లో ఒక ఆడగొంతు ఊ అని పైకి పోతాది. రాగం లే, తాళం లే. నాకు నవ్వొచ్చె. నేను నవ్వేలోపల రికార్డులో ఉండే ఆమె నవ్వేసె! నా నవ్వు ఆమెకెట్ల తెలిసె మే?"

అప్పుడే వాళ్ళ నాన్న సైకిలు మీద తీసుకెళ్ళడానికి వచ్చాడట. గుమ్మంలో నిలబడి, ఏంది మేడమ్, మిషన్ చెడిపోయిందా అన్నాడట. మేడమ్ ఫ్రెంచిలో ఏదో అంది. ఆయనకి అర్థం కాక కూతురి వంక చూశాడు. "నేను చెప్తిని. చెడిపోలే నాయనా, అది అట్లే అని. ఆమె అనింది అదే."

ఆ రికార్డు ఎవరిదో, పేరేమిటో అడగడానికి సిగ్గేసింది. రేపు అడుగుదాం, వచ్చే వారం అడుగుదాం అనుకుంది. ఆ వేసవిలో మేడమ్ ఫ్రాన్సు వెళ్ళిపోయింది. ఆ ఇల్లు ఇప్పుడు హోటలు.

"అది ఇంకో తూరి వినాల మే. విని ఆ మీద సస్తే ఏం, బతికితే ఏం," అంది అత్త. "ఎవురో ఒకరు మళ్ళీ వేస్తారు. వేస్తే నా మెయిల్‌కు రాకుండా యాడికి పోతాది?"

అదీ సంగతి. ఆ బీరువాలు, ఆ పంపులు, ఆ ఇస్త్రీపెట్టెలు అన్నీ ఆ ఒక్క నవ్వు కోసం. అది తెలిశాక నేను ఆదివారాల్లో రికార్డుని తక్కువ, అత్తని ఎక్కువ చూసేదాన్ని. ప్రతి రికార్డూ ఆఖరికి వచ్చేసరికి ఆవిడ గడ్డం మెల్లగా పైకి లేచేది. ముల్లు మధ్యకి చేరి టిక్కు టిక్కుమనేది. గడ్డం దిగేది. "కాదు. సరి, దోసె పోస్తా," అనేది. మా ఇంట ఆదివారం సాయంత్రం ఎప్పుడూ దోసెలే.

ప్లేయరు గురించి చెప్పలేదు కదూ. దాన్ని ఒక అమెరికా ఆవిడ ఈ ఊరు వదిలి వెళ్ళిపోతూ సామాన్లతో పాటు అమ్మేసింది. మంచి బరువైన పాత మిషన్. మన కరెంటుకి కాలిపోకుండా పక్కనే ఇటుకంత పెట్టె ఒకటి ఇచ్చింది, మన కరెంటుని అమెరికా కరెంటంత చిన్నది చేసే పెట్టె. అది ఎప్పుడూ గోరువెచ్చగా ఉండేది. దాని మీద అత్త వాళ్ళ పిల్లి పడుకునేది. ఆ పిల్లి పక్కనే కూర్చుని, కరెంటు ఇంజనీర్ని, ఎన్నో ఆదివారాలు గడిపాను నేను.

ఈలోపు ఆ మెయిళ్ళు నాకూ రావడం మొదలయ్యాయి. అంటుకునే జబ్బు అది. ఒక సెలవు రోజు పొద్దున మేడమీద బట్టలు ఆరేస్తూ ఫోను చూశాను. ముసలాయన దగ్గుని ఇంకోసారి వేస్తున్నారట, ఇంతవరకూ బయటికి రాని ఇంకో రికార్డుని కూడా కలిపి. పాతది పూర్తిగా అక్కడే వినొచ్చట. అత్తకి ఫోనులో వినడమంటే గిట్టదు. "ఫోన్‌లో పాట వినేదీ, ఫోన్‌లో అన్నం తినేదీ ఒకటే," అనేది. ఆవిడ కింద కరేపాకు మొక్కకి నీళ్ళు పోస్తోంది కదా, నాకేం అనుకుని ఫోను పిట్టగోడ మీద పెట్టి నొక్కాను.

తీరా చూస్తే ఇదేదో వేరే రికార్డు. నీళ్ళు గిర్రున తిరుగుతున్నాయి, హుషారుగా. గొంతు సన్నగా, తేలిగ్గా పైకి పోతోంది. తప్పు నొక్కానేమో అని తడిచేతుల్తోనే చూశాను. పేరు అదే, అట్ట అదే. కింద చెంబు కిందపడ్డ చప్పుడైంది.

"యాడిది? యాడిదే అది? ఆపొద్దు! ఆపొద్దే!"

మోకాళ్ళ నొప్పులని ఏడాదిగా మేడెక్కని మనిషి మెట్లెక్కేస్తోంది. చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో, పిట్టగోడ ఒక చేత్తో, ఆయాసం. ఆఖరి మెట్టు మీదికి వచ్చేసరికి గొంతు పైకి పోయి పోయి ఆగింది. అత్త గడ్డం లేచింది. ఫోనులోంచి ఒక ఆడమనిషి చటుక్కున, పట్టలేనట్టు, ఫక్కున నవ్వింది.

అత్త మెట్టు మీద కూలబడిపోయింది. కళ్ళలో నీళ్ళు, నోటినిండా నవ్వు. రెండు చేతుల్తో నోరు మూసుకుంది, అప్పటి ఆ పదహారేళ్ళ పిల్లలాగే అయి ఉంటుంది. "ఇదే దా! ఇదే! ఎవురు మే ఈమె? పేరేంది? పేరు చెప్పు!"

నేను ఫోను ఇంకోసారి చూశాను. "అత్తా... ఇది మన ముసలాయన దగ్గేనండి."

"నోర్ముయ్."

"ఒట్టండి. మీ అడుగు అరలో ఉందండి."

ఇద్దరం కిందికి పరిగెత్తాం. మామయ్యని లేపి కూర్చోబెట్టాం. అడుగు అరలోంచి రికార్డు తీసి ప్లేయరు మీద, అదే పాట ఫోనులో, రెండూ ఒకేసారి మొదలుపెట్టాం. ఫోను ముందు పోతోంది, ప్లేయరు వెనక ఈడ్చుకుంటూ వస్తోంది. ఫోనులో ఆవిడ నవ్వేసి వెళ్ళిపోయింది. ఆ తర్వాత చాలాసేపటికి, తాపీగా, ప్లేయరులో ముసలాయన వచ్చి ఖళ్ళు ఖళ్ళుమని దగ్గాడు.

అప్పుడు వెలిగింది నాకు. పిల్లిని దించి, తీగ పీకి, ప్లేయరుని వెల్లకిలా తిప్పాను. అడుగున రేకు మీద చిన్న అక్షరాల్లో ఉంది. అమెరికా కరెంటు, సెకనుకి అరవై. ఆ వెచ్చటి పెట్టె కరెంటుని చిన్నది చేస్తుందే గానీ యాభైని అరవై చేయలేదు. అరవైకి పరిగెత్తాల్సిన మోటారు మన ఇంట్లో యాభైకి నడుస్తోంది, కొన్ననాటి నుంచీ! తెలిసిన పాట ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి పెట్టి ఉంటే చంటిపిల్లాడైనా పట్టేసేవాడు. ఆ ఇంట్లో తెలిసిన పాట పెట్టకూడదు కదా!

చెప్పాను. చెప్పి భయపడ్డాను. జన్మంతా వెతికిన నవ్వు తన బీరువాలోనే ఉంటే, దాన్ని తన చేత్తోనే తీసి పెట్టి కాదు అనుకుంది. ఎంతటి మనిషికైనా గుండె పగలదూ? అత్త రేకు వంక చూసింది. పిల్లి వంక చూసింది. తర్వాత గోడ పొడుగునా ఉన్న రికార్డుల బీరువా వంక చూసింది, ఈ చివర నుంచి ఆ చివర దాకా.

"అట్లయితే," అంది మెల్లగా, "ఇవన్నీ మనం వినలే."

"అంటే... విన్నామండీ, కొంచెం నిదానంగా..."

"వినలే మే! ఒక్కటీ వినలే! బోరింగు పంపు వినలే, ఇస్త్రీపెట్టె వినలే! అన్నీ కొత్తవే! అన్నీ ఇయాలే వచ్చినయ్!" అని చప్పట్లు కొట్టేసింది. "అయ్యయ్యో, ఇంత బీరువా! యాడ మొదలుపెట్టేది?"

నవ్వు ఆగలేదు మాకు. సాయంత్రం దాకా నవ్వుతూనే ఉన్నాం. చీకటి పడ్డాక మామయ్య నెమ్మదిగా, దోసెలు అన్నాడు. "ఇయాల దోసె లే. కాదు అన్న దినమే దోసె," అంది అత్త. ఆ రాత్రి హోటలు నుంచి పొట్లాలు వచ్చాయి.

ఆ పైన మామయ్య దశ తిరిగింది. మోటారుకి ఉండే చిన్న ఇత్తడి చక్రాన్ని ఐదో వంతు పెద్దది చేస్తే చాలు, లెక్క సరిపోతుంది అన్నాను. ఆయన అంగడి పక్కనే ఇనుము, ఇత్తడి చెక్కే లేతు మిషన్ ఉంది. చక్రం జేబులో వేసుకుని వెళ్ళి, సరిగ్గా దాని అన్నలాంటి దాన్ని చేయించుకుని వచ్చాడు. బిగించింది కూడా ఆయనే. ఇన్నేళ్ళకి ఆ సంగీతంలో తన అంగడి సరుకు ఒకటి పడింది. ఇక చూడాలి ఆయన్ని! పేపరు మానేశాడు. ఆదివారాలు చాల్లేక బుధవారాలు కూడా కలిపాం. అన్నీ మొదటి నుంచి విన్నాం. దేశదేశాల ఆడవాళ్ళందరికీ ఒక్కసారిగా జలుబు వదిలిపోయింది. "ఈమె చూడు, చిన్న పిల్ల! పాపం, సిగరెట్టు అంటిమే ఈమెను," అని అత్త చెంపలు వేసుకునేది.

కొత్తగా వేస్తున్న ఆ జోడు రికార్డుని ఆ రోజే నా ఫోనులోంచి, నా పేరు మీద తెప్పించమంది. తెప్పించాను. ఆ కంపెనీ వాళ్ళు వచ్చే నెల, వచ్చే నెల అని మెయిళ్ళు పంపుతూనే ఉన్నారు.

ఒక ఆదివారం, ఆ నవ్వు విన్న తర్వాత, అత్త మామయ్యతో అంది, "పాత చక్రం యాడ పెట్టినావు?" ఆయన మాత్రల డబ్బాలోంచి తీశాడు. "వెయ్. ముసలాయన్ను వినాల."

"అదేమిటండీ అత్తా, దొరికింది కదా!" అన్నాను.

"దొరికె. నేను అమ్మాయిని వెతుకుతా ఉంటి. ముసలాయన సుమ్మా, ఎవురూ పిలవకనే వచ్చి, ఇన్నేండ్లు అడుగు అరలో కూర్చోని దగ్గినాడు. అమ్మాయి వచ్చిందని ఆయన్ను పొమ్మంటామా?"

అప్పటి నుంచి రెండూ వినేవాళ్ళం. ముందు అమ్మాయి చక్రం, తర్వాత ముసలాయన చక్రం. ఆ పేర్లూ మామయ్య పెట్టినవే.

అత్త ఒక పొద్దున వంటింట్లో పాలు పొయ్యి మీద పెట్టి, పొంగకముందే వెళ్ళిపోయింది. నేను చాలా ఏడ్చాను. ఇంత సరదా మనిషిని నేను మళ్ళీ చూడను, అది నాకు తెలుసు. మామయ్య ప్లేయరు మీద తువ్వాలు కప్పేశాడు. పిల్లి ఆ చల్లారిన పెట్టె మీదే పడుకుని ఉండేది.

ఇవాళ ఆదివారం. మధ్యాహ్నం అట్టపెట్టె పట్టుకుని కిందికి వెళ్ళాను. మామయ్య దాన్ని చూసి, "ఏంది, మళ్ళీ ఏమో పంపినాదా?" అన్నాడు, ఆవిడే పంపినట్టు. ప్లేయరు మీది తువ్వాలు తీసి, మడిచి, అట్ట మీద కప్పాడు. మాత్రల డబ్బా తెచ్చాడు. "అమ్మాయి?" అన్నాడు. "అమ్మాయి," అన్నాను.

ఎవరూ వినని ఆ రెండో రికార్డు పెట్టాం. అవే నీళ్ళు, అదే గొంతు, కాకపోతే ఈసారి టేపు కత్తిరించలేదు. గొంతు పైకి వెళ్ళింది, ఆగింది. నవ్వింది. నవ్వి ఊరుకోలేదు. ఆపుకోబోయి మళ్ళీ నవ్వింది. ఆ గదిలో ఇంకెవరో కూడా ఉన్నట్టున్నారు, వాళ్ళూ నవ్వడం మొదలుపెట్టారు. ఎందుకో ఏమిటో, కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. నేను నవ్వాను. మామయ్య కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. ముల్లు మధ్యకి వచ్చి టిక్కు టిక్కుమంటుంటే ఇద్దరం సోఫాలో ఆ ఖాళీ వైపు చూశాం.

"అదే," అన్నాడు మామయ్య. లేచి, స్క్రూడ్రైవరు తీసుకుని, తనే ముసలాయన చక్రం వేశాడు.

ఈసారి ఒక్క ముసలాయన కాదు, ఊరి ముసలాయనలందరూ చేరి దగ్గుతున్నట్టు ఉంది. ఆ దగ్గులు జోరుగా సాగుతుండగా నీళ్ళ క్యాను తెచ్చే అతను గుమ్మంలోకి వచ్చాడు. బాహూరు వైపు మనిషి, మన తెలుగే. క్యాను భుజం మీద ఉండగానే ఆగి, మొహం చిట్లించి చూశాడు.

"ఏంది సార్, మిషన్ చెడిపోయిందా?"

అలవాటు కొద్దీ నేను మామయ్య చెయ్యి వంక చూశాను. ఆ చెయ్యి లేచింది. సగం దాకా లేచి, ఆగి, మెల్లగా ఒళ్ళోకి దిగిపోయింది.

"చెడిపోలే," అన్నాడు మామయ్య. "అది అట్లే. క్యాను కింద పెట్టు. కూర్చో."